హెచ్.ఐ.వి. ఉన్నవారిలో మతిమరుపు

హెచ్.ఐ.వి. అనగానే చాలామందికి బరువు తగ్గడం, విరేచనాలు, క్షయ గుర్తుకొస్తాయి. ఈ వైరస్ మెదడునూ దెబ్బతీస్తుందని కొద్దిమందికే తెలుసు. ఒంట్లో ప్రవేశించిన కొద్ది వారాల్లోనే అది తెల్లకణాల ద్వారా మెదడుకు చేరుతుంది. నాడీకణాల్లోకి నేరుగా చొరబడదు. వాటికి కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో తిష్ఠ వేస్తుంది. ఆ కణాల నుంచి వెలువడే హానికర పదార్థాల వల్ల నాడీకణాలు క్రమంగా దెబ్బతింటాయి.

లక్షణాలు

మొదట మందకొడితనం కనిపిస్తుంది. లెక్కలు చూడటానికి ఎక్కువ సమయం పట్టడం, మాట మధ్యలో విషయం మరచిపోవడం, చేతిపని నిదానించడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం జరుగుతాయి. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు. అసలు ప్రమాదం మాత్రలు మరచిపోవడంతో వస్తుంది. మాత్రలు తప్పితే వైరస్ పెరుగుతుంది, వైరస్ పెరిగితే మరపూ పెరుగుతుంది.

యునానీ దృష్టిలో

యునానీలో మెదడు ప్రధానాంగాల్లో ఒకటి. మతిమరుపును 'నిస్యాన్' అంటారు. మెదడులో చల్లదనం, తేమ పెరగడం దీనికి ఒక కారణమని ప్రాచీన హకీములు చెప్పారు. మెదడు బలానికి ఖమీరా గావ్‌జబాన్ వంటివి వాడతారు. అయితే ఇవేవీ హెచ్.ఐ.వి.ని అదుపు చేయలేవు. ఆ పని చేసేవి ఎ.ఆర్.టి. మందులే.

ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న వీటిని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి రాష్ట్రాల్లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. 2017 నుంచి సి.డి.4 సంఖ్య ఎంత ఉన్నా అందరికీ ఇస్తున్నారు. క్రమం తప్పకుండా వాడేవారిలో తీవ్రమైన డిమెన్షియా అరుదైపోయింది. తేలికపాటి మరపు మాత్రం కొందరిలో మిగలవచ్చు.

జాగ్రత్తలు

కుష్తా ఫౌలాద్ వంటి ఇనుము కలిసిన మందులు, కాల్షియం మాత్రలు పరగడుపున డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. అందుచేత హకీముకు ఎ.ఆర్.టి. సంగతి, ఎ.ఆర్.టి. డాక్టరుకు యునానీ మందుల సంగతి దాచకుండా చెప్పండి.

మతిమరుపుకు దిగులు, థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా కారణం కావచ్చు. ఇవి నయమయ్యేవే కనుక పరీక్ష చేయించుకోవాలి.

తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ బిగుసుకుపోవడం, ఫిట్స్, ఉన్నట్టుండి తికమక పడటం కనిపిస్తే మెదడు పొరలకు క్షయ గానీ ఫంగస్ గానీ సోకి ఉండవచ్చు. ఇంటి వైద్యంతో ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రోజూ ఒకే వేళకు మాత్ర వేయించే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోండి. మరచిపోయినందుకు రోగిని కసురుకోకండి. సలహా కోసం 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.