పొర దాటిందా, లేదా?

థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్‌కన్నా ముందు చేసేది సూది పరీక్ష. ఎఫ్ఎన్ఏసీ అనే ఈ పరీక్షలో సన్నటి సూదితో కాసిని కణాలు లాగి, గాజు పలక మీద పరిచి చూస్తారు. చాలా గడ్డల సంగతి అక్కడే తేలిపోతుంది. పాపిల్లరీ క్యాన్సర్ అయితే కణాల కేంద్రకాలే పట్టిస్తాయి: ఉబ్బి, పాలిపోయి, నిలువునా గాడి పడి ఉంటాయి. రిపోర్టులో 'ఫాలిక్యులర్ నియోప్లాజమ్, బెథెస్డా 4' అని వచ్చిందంటే మాత్రం సూది చేయగలిగింది అయిపోయినట్టే. తేల్చడానికి ఆపరేషన్ చేయాలంటారు డాక్టర్లు. క్యాన్సరో కాదో చెప్పకుండా ఆపరేషన్ ఏమిటని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు. అడగాల్సిన ప్రశ్నే అది.

హాని లేని ఫాలిక్యులర్ గడ్డలోనూ, క్యాన్సర్‌లోనూ కణాలు అచ్చం ఒకేలా ఉండొచ్చు. గడ్డ చుట్టూ ఉండే పీచు పొరను చీల్చుకుని అవి బయటపడినా, రక్తనాళాల్లోకి చొరబడినా క్యాన్సర్. లోపలే ఉండిపోతే అడినోమా, అంటే హాని లేని గడ్డ. సూదికి అందిన నాలుగు కణాల్లో ఆ పొర కనబడదు. అందుకే సాధారణంగా థైరాయిడ్‌లో గడ్డ ఉన్న సగాన్ని తీసి ల్యాబ్‌కు పంపుతారు.

అక్కడ దాన్ని ఫార్మలిన్‌లో నానబెట్టి, ముక్కలు కోసి, మైనపు దిమ్మల్లో పొదిగి, సుమారు 4 మైక్రాన్ల మందాన తెరలుగా తీసి రంగు వేస్తారు. కేంద్రకాలు నీలంగా, పీచు పొర గులాబీ రంగులో తేలతాయి. పెథాలజిస్టు ఆ పొర వెంబడే చుట్టూ వెతుకుతారు. ఒక్కచోట కణాలు పుట్టగొడుగులా పొరను పొడుచుకుని వచ్చినా నిర్ణయం మారిపోతుంది. అనుమానం వస్తే అదే దిమ్మను ఇంకా లోతుగా కోయిస్తారు. రిపోర్టుకు రోజులు పట్టడానికి ఇదే కారణం. ఆ జాప్యం మన మేలుకే.

2016లో ఏడు దేశాలకు చెందిన 24 మంది థైరాయిడ్ పెథాలజిస్టులు కలిసి, పొర దాటని ఒక రకం పాపిల్లరీ గడ్డ పేరులోంచి 'క్యాన్సర్' అన్న మాటనే తీసేయించారు. అలాంటి గడ్డలున్న 109 మందిని 10 నుంచి 26 ఏళ్లపాటు గమనిస్తే, ఒక్కరిలోనూ జబ్బు తిరగబెట్టలేదు. వైద్యంలో ఇంత దయగల నిర్ణయాలు అరుదని నా నమ్మకం. రెండో ఆపరేషన్, రేడియో అయోడిన్, జీవితాంతం క్యాన్సర్ రోగినన్న బెంగ ఎందరికో తప్పాయి. అయితే 'క్యాన్సర్' అన్న మాట లేని ఆ కొత్త పేరు పెట్టాలన్నా పొరనంతా పరీక్షించి తీరాలి.

రిపోర్టు చేతికొచ్చాక పొర, రక్తనాళాల గురించి ఏం రాశారో డాక్టరును అడగండి. సందేహం ఉంటే ఆ స్లైడ్లు, మైనపు దిమ్మలు ల్యాబ్ నుంచి తీసుకుని మరో పెథాలజిస్టుకు చూపించవచ్చు.