చెట్లమీది వింతకాయలు – వాటిని గుర్తించు విధము

కరక్కాయ చెట్టు ఆకులపై ఒక్కొక్కప్పుడు వంకరటింకర కొమ్ములవలె ఉబ్బిన బోలు తిత్తులు కానవచ్చును. మూలికల అంగళ్లలో ‘కరక్కాయ పువ్వు’ అనుపేర అమ్మునది ఇదియే. పేరు పువ్వేగాని ఇది పువ్వు కాదు, కాయ అంతకన్నను కాదు. చిన్న కీటకము లేతాకును ఆశ్రయించగా, చెట్టు ఆచోట తన కణజాలమునే విపరీతముగా పెంచి ఆ పురుగుకు ఇల్లు కట్టి ఇచ్చును. ఆహారము కూడ ఆ ఇంటిలోనే!

ఇట్టి వింత కాయ కనబడినప్పుడు కత్తితో నిలువుగా కోసి చూడవలెను. లోపల గింజ ఉన్నచో నిజమైన కాయ. గింజకు బదులు గుల్లయు, అందులో పురుగో, పురుగు విడిచిన పొడియో ఉన్నచో కీటకము పుట్టించిన బుడిపె. లోపలంతయు గట్టి కలపయే అయినచో చెట్టుకు పట్టిన కంతి. మోదుగ, రేగు కొమ్మలకు పెచ్చువలె అంటుకొని, నిప్పుసెగకు కరగునది లక్క.

మన ఇండ్లలోని మాచికాయ కూడ ఈ కోవలోనిదే. టర్కీ, ఇరాన్ ప్రాంతాలలో పెరుగు ఒక ఓక్ జాతి చెట్టు మొగ్గలో కందిరీగ జాతి కీటకము గ్రుడ్డు పెట్టుటచే ఇది ఏర్పడును. సంస్కృతమున దీనిని ‘మాయాఫలము’ అనిరి. ఇంతకన్న తగిన పేరు లేదు. పురుగు వెలికిపోయిన రంధ్రము లేని, బరువైన కాయలలో వగరు హెచ్చు. కనుక కొనునప్పుడు అట్టివే ఏరుకొనవలెను. ఒక కాయను నలుగగొట్టి, గ్లాసు నీటిలో మరగించి, వడకట్టి పుక్కిలించినచో చిగుళ్ల నొప్పికి ఉపశమనము కలుగును. పసిపిల్లలకు అరగదీసి నాకించుట మాత్రము తగదు. ఆ వగరు మలబద్ధకము తెచ్చును.

దగ్గుకు వాడు కర్కాటకశృంగి వాయవ్య హిమాలయములలోని ఒక చెట్టుపై పేనుబంక జాతి పురుగులు కలిగించు కొమ్ము. బాలచాతుర్భద్ర చూర్ణములోని నాలుగు ద్రవ్యములలో ఇది యొకటి. దక్షిణాది అంగళ్లలో దీనికి బదులు కరక్కాయ పువ్వునే ఇచ్చుటయు కలదు. రెండును బోలుగా, కొమ్మువలెనే ఉండుటచే కంటికి తేడా తెలియదు. కావున నమ్మకమైన వైద్యుని వద్దనే కొనుట మేలు.

బదనిక సంగతి వేరు. మామిడి, వేప కొమ్మలపై వేరు ఆకులతో, వేరు పూలతో గుబురుగా కనబడు ఈ మొక్కను పక్షులు వ్యాపింపజేయును. జిగురుగల విత్తనము కొమ్మకంటుకొని, చెట్టులోనికే వేరుదన్ని, దాని రసమును త్రాగి బ్రతుకును. అపాయమంతయు ఇక్కడనే. ముష్టిచెట్టుపై పెరిగిన ఇట్టి మొక్కలో ఆ చెట్టు విషములైన స్ట్రిక్నిన్, బ్రూసిన్ చేరునని పందొమ్మిదవ శతాబ్దమందే కటక్ ప్రాంతమున కనుగొనిరి. ఎండబెట్టి పొట్లము కట్టిన బదనికను చూచి అది ఏ చెట్టుపైదో ఎవ్వరును చెప్పలేరు. అట్టిదానిని లోనికి పుచ్చుకొనరాదు. అడవిలో స్వయముగా సేకరించు వైద్యులైనను బదనిక ఆకును కాక, ముందుగా అది పట్టిన చెట్టు ఆకును, కాయను పరిశీలించి పిదపనే కోయవలెను.