ఎవరి డైరీ వారిదే!

మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తా డైరీలో లారీ నంబర్లు, రైతుల బాకీలు ఉంటాయి. ఇంట్లో అమ్మ డైరీలో పిల్లల టీకాల తేదీలు, పెళ్లిళ్లలో వచ్చిన చదివింపులు ఉంటాయి. మరి కంప్యూటర్లో అందరికీ ఒకే డైరీ సరిపోతుందా?

సరిపోదనుకున్నారు అమెరికాకు చెందిన మిచ్ కపోర్. ఆయన స్థాపించిన లోటస్ సంస్థ 1988లో 'ఎజెండా' తెచ్చింది. తోచింది ముందు రాసేసుకోవచ్చు, విభాగాలు తరవాత మనమే పెట్టుకోవచ్చు. ఆ దారిలోనే 2002లో ఆయన ప్రకటించిన 'చాండ్లర్'లో క్యాలెండర్, ఈమెయిల్, పనుల జాబితా... అన్నీ కలపాలనుకున్నారు. తొలి పూర్తిస్థాయి వెర్షన్ వచ్చేసరికి 2008 అయింది!

అందుకే మనం చిన్నగా మొదలుపెడదాం. ఓ స్ప్రెడ్‌షీట్ చాలు. ఒక పట్టికలో పేరు, ఊరు, ఫోన్. ఇంకో పట్టికలో ఊరు, జిల్లా. రెండెందుకంటారా? 2016 అక్టోబరు 11న సూర్యాపేట కొత్త జిల్లా అయింది. కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ప్రతి పేరు పక్కనా జిల్లా రాసుకున్నవారు ఒక్కోటీ దిద్దుకోవాల్సిందే. ఊళ్ల పట్టిక విడిగా ఉంటే ఈ మూడు ఊళ్లలో మార్చాల్సింది రెండు వరసలే! రెండు పట్టికల్నీ కలిపే పని 'వీలుకప్' ఫార్ములా చూసుకుంటుంది.

తరవాత అవసరాన్ని బట్టి కాలమ్‌లు పెంచుకోండి... టీకాకు ఒకటి, బాకీకి ఒకటి. ఒక్క జాగ్రత్త. ఫోన్ పోతే డైరీ కూడా పోకూడదు. నెలకోసారి ఒక్కో పట్టికనూ 'సీఎస్‌వీ' ఫైలుగా మరోచోట దాచండి. అది దాదాపు ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకుంటుంది. రేపు వాడే ప్రోగ్రామ్ మూతపడినా మీ లెక్కలు మీ దగ్గరే ఉంటాయి.