ఉక్కు పేరూ, ఊరి పేరూ

చందూర్‌లో ఒక యువకవి ఈమధ్య తన కవిత వినిపించాడు. అందులో జనాగ్రహాన్ని డమాస్కస్ కత్తితో పోల్చాడు. ఆ కత్తికి ఉక్కు ఎక్కడిదని అడిగాను. ‘డమాస్కస్‌దే కదా!’ అన్నాడు. అలాంటి కత్తులకు పేరు తెచ్చిన ఉక్కులో కొంత మన నిజామాబాద్ జిల్లాదే. బోధన్ చెరకు సీమలో పెరిగిన మాకు పరిశ్రమ అంటే 2015లో మూతబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రం కొలిములు దానికంటే ఎన్నో తరాల ముందువి.

ముడిరాయిలో ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఉంటుంది. బట్టీలో బొగ్గు మండి పుట్టిన వాయువు ఆ ప్రాణవాయువును లాక్కుంటుంది. రాతి భాగం కరిగి చిట్టెంగా కారిపోతుంది. ఇనుము మాత్రం కరగక ముద్దగా మిగులుతుంది. ఈ మెత్తని ఇనుముకు నూటికి ఒకటిన్నర వంతు కర్బనం చేరితే గట్టి ఉక్కు అవుతుంది.

ఈ రెండో పని కోనసముద్రంలో ఎలా జరిగేదో 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ అనే సర్వే వైద్యుడు చూసి రాశాడు. ఆయన మరణానంతరం 1832లో అది అచ్చయింది. మిర్ట్‌పల్లి అని ఆయన రాసిన ఊరి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపి మూసలో పెట్టేవారు. ఈ ప్రాంతపు మూసల మట్టిలో వరి ఊక కలిసిందని తరువాతి పరిశోధకులు గుర్తించారు. మూతకు మట్టి మెత్తి, తిత్తులు ఊదుతూ ఒక పగలూ రాత్రీ కాల్చేవారు. మెల్లగా చల్లార్చిన ఉక్కు బిళ్లను మళ్లీ మళ్లీ కాచి పెళుసు తగ్గించేవారు. ఇస్పహాన్ నుంచి వర్తకులు ఆ ఊరికే వచ్చి కొనేవారు. తమ దేశంలో ఇలా చేయబోయి విఫలమయ్యామని వాళ్లే వాయిసీకి చెప్పారు.

ఇంగ్లండ్‌లో మైకేల్ ఫారడే ఈ ఉక్కు రహస్యం వెతికాడు. ఆ పరిశోధనలోనే, 1820లో, ఇనుములో నికెల్ కలిపీ చూశాడు.

నికెల్, కోబాల్ట్ పేర్లు జర్మన్ గని కార్మికుల తిట్ల నుంచి వచ్చాయి. రాగి, వెండి దొరుకుతాయని తవ్విన రాయి విషపు పొగ చిమ్మితే, అది దయ్యాల మోసమన్నారు. శాస్త్రం ఆ తిట్లనే లోహాలకు ఉంచుకుంది. మన ఉక్కు మాత్రం 1795లో ఇంగ్లీషు పత్రంలో ‘వూట్జ్’గా వక్రించింది. దక్షిణాది ‘ఉక్కు’ మాటే దానికి మూలమని పండితుల్లో ఎక్కువమంది భావన. కత్తికి అమ్మిన నగరం పేరు దక్కింది. తిత్తి ఊదిన మనిషి పేరు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. దిగుమతి ఉక్కు వచ్చింది, బొగ్గుకు అడవి దూరమైంది, కొలిములు ఆరిపోయాయి.

2010లో బెంగుళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో చిట్టెం దిబ్బలు వెతుకుతూ తిరిగారు. రచయితలం మనం వెతకాల్సినవి మాటలు. మూసకు, తిత్తికి, చిట్టెంకు కమ్మరి వాడల్లో ఇంకా ఏమేం పేర్లున్నాయో పెద్దల దగ్గర కూర్చుని రాసుకోవాలి. శ్రమను కీర్తించే కవిత్వం ఆ శ్రమ పదజాలాన్ని ఎరగకపోతే, పోలిక కూడా దిగుమతి సరుకే అవుతుంది.

కవితలోంచి డమాస్కస్‌ను కొట్టేయమని ఆ యువకుడికి నేను చెప్పలేదు. కోనసముద్రం వెళ్లి రమ్మన్నాను.