సముద్రశిలలపై గాలపు వేట

చెరువుగట్టున గాలము వేసి కూర్చుండుట మన బాలురకు క్రొత్త కాదు. వానపామును ముల్లునకు గ్రుచ్చి, బెండు మునుగువరకు ఓర్పుతో కనిపెట్టుకొని యుండుటయే అందలి పని. సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన శిలపై నిలిచి, తన నడుమునకు మించిన పొడవుగల చేపను గాలముతో పట్టుట మాత్రము వేరొక విద్య. ఈ వేటకు పేరుగన్న తావులలో ఆస్ట్రేలియా తూర్పుతీరముననున్న న్యూ సౌత్ వేల్సు రాష్ట్ర మొకటి. సిడ్నీ నగరపు కొండచరియలయొద్దను, దక్షిణమున జెర్విస్ అఖాతపు పరిసరములందును, ఇంకను అనేక స్థలములందును జనులు ఈ వేటకై పోవుచుందురు. పోయినవారిలో ఏటేట కొందరు ఇంటికి మరలి రారు. అంత బలముగల చేప తీరమునకు అంత చేరువకు ఏల వచ్చును? ఆ తీరముననే మనుష్యునకు అంత అపాయ మేల కలుగును? ఈ రెండు ప్రశ్నలకును మూలకారణ మొక్కటియే.

ఆ కారణము లోతు. మన కృష్ణా గోదావరుల మొగలయొద్ద ఇసుకయు ఒండ్రును సముద్రములోనికి దూరముగా పరచుకొని యుండును. అచ్చట నీరు మెల్లమెల్లగా లోతగును. తూర్పుకనుమల రాళ్లు కడలిని తాకు విశాఖపట్టణ ప్రాంతమున మాత్రము తీరము కొంత వేరుగా నుండును. న్యూ సౌత్ వేల్సున అనేక స్థలములందు కొండ నిలువుగా తెగి నీటిలోనికి దిగును. శిల యంచున నిలిచినవాని పాదములక్రిందనే పది పదునైదు మీటర్ల లోతుండుట కలదు. ఎండకాలమునను, ఆ పిదపను, ఉత్తరమున నున్న పగడపు సముద్రమునుండి వెచ్చని ప్రవాహ మొకటి ఈ తీరము వెంబడి దక్షిణమునకు దిగివచ్చును. దానితో చిన్నచేపల గుంపులును, వానిని తరుముకొనుచు పెద్దచేపలును వచ్చును. నీరు లోతగుటచేత ఆ పెద్దచేపలు నిస్సంకోచముగా రాతిగోడవరకు వచ్చి మేయును.

అదే వాకిట అలయు వచ్చును. లోతునీట అల వేగము దాని వ్యవధిని బట్టి యుండును. రెండు శిఖరముల నడుమ 12 సెకనులు పట్టు అల గంటకు సుమారు 67 కిలోమీటర్ల వేగముతో సాగును. దాని పొడవు సుమారు 225 మీటర్లు. నీటి లోతు ఈ పొడవులో సగమునకు తగ్గినప్పుడే అల అడుగును తాకి మారనారంభించును. ఇసుకతీరమున అల దూరముననే విరిగి, తన బలమును కొంచెము కొంచెముగా వ్యయపరచుకొని, అలసి మన కాళ్లయొద్దకు చేరును. శిలపాదమున లోతుండినచో అట్లు అలయుటకు తావు లేదు. వేయి కిలోమీటర్ల యవల గాలివానలో పుట్టిన బలమంతయు ఆ రాతిపైననే విరుగును. అందుచేత మనయొద్ద ఆకాశము నిర్మలముగా నున్నను పెద్ద అలలు రావచ్చును.

ఇక చేప సంగతి. అచ్చటివారు మిక్కిలి కోరునది యెల్లోటెయిల్ కింగ్‌ఫిష్. మన అంగళ్లలో కింగ్‌ఫిష్ అని అమ్మునది వంజరము. ఇది అది కాదు. ఆస్ట్రేలియా చేప మన పారచేపల కుటుంబమునకు చెందినది. పేరును నమ్మి చేపను కొనరాదని మన యిండ్లలోని పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు! ఇది మీటరున్నరకు మించి పెరుగగలదు; 50 కిలోగ్రాములు దాటినవి న్యూజిలాండు తీరమున పట్టుబడినవి. దీని దేహము కదురువలె రెండుకొనలయందు సన్నగిలి, తోక నెలవంకవలె చీలియుండును. విశాఖ జాలరులు సూర యనెడి టూనాచేపలును ఈ శిలలయొద్దకు వచ్చును. టూనా విషయమున ఒక విచిత్రము కలదు. వేడి రక్తమును చల్లని రక్తమును మోయు సన్నని నాళములు ప్రక్కప్రక్కన ఎదురెదురుగా పారుటచేత, కండరముల వేడి నీటిలోనికి పోక దేహమునందే నిలుచును. వెచ్చని కండరము చురుకుగా పనిచేయునుగదా.

గాలమునకు తగిలిన కింగ్‌ఫిష్ పారిపోవు దిక్కు బాహ్యసముద్రము కాదు, అడుగుననున్న రాళ్లు. దారము రాతికి ఒరసికొన్నంతనే తెగును. కాబట్టి వేటగాడు దానికి చనువీయజాలడు. రీలునందు డ్రాగ్ అను బిగింపు కలదు. నిర్ణయించిన బలమునకు మించి చేప లాగినప్పుడు అది జారి దారము నిచ్చును. 24 కిలోల బలమునకు తెగు దారమునకు ఈ బిగింపును మూడవవంతు, అనగా 8 కిలోలకు, ఉంచుట వాడుక. అయితే దారము పోయినకొలది చుట్ట సన్నబడును. చుట్ట వ్యాసార్ధము సగమైనచో, బిగింపును తాకకుండనే, దారముపై లాగుడు 16 కిలోలగును. ఇది తెలియనివారు చేప దూరమేగిన కొలది బిగింపును ఇంకను త్రిప్పి దారమును తెంపుకొందురు.

తులాదండపు పాఠము చదివినవారు వేరొకటి గ్రహింపగలరు. కర్రమొదలు నడుమున ఆనియున్నది. ముందుచేయి అచ్చటినుండి అరమీటరు దూరమున నున్నది. కొన రెండు మీటర్ల దూరమున నున్నది. కొనయొద్ద చేప 8 కిలోల బలముతో అడ్డముగా లాగినచో ముందుచేతిపై 32 కిలోల భారము పడును. కర్ర వంగుటచేత ఈ భారము కొంత తగ్గును గాని, పాచిపట్టిన తడిరాతిపై నిలిచినవానికి తగ్గిన భారమును తక్కువ కాదు. పైగా దారము రాతియంచునకు తగులకుండ నుండుటకై వాడు అడుగడుగునకు అంచువైపునకు జరుగును. కన్ను దారముపైన, మనస్సు చేపపైన నుండును. సముద్రమును చూచువా డెవ్వడును లేడు. అట్టి గడియలోనే పెద్ద అల వచ్చిన కథలు అచ్చట పెక్కు.

"ఒక్కుమ్మడిగా వచ్చినది" అని బ్రదికినవారు చెప్పుదురు. నిజమునకు అది వేళకే వచ్చినది. మన హార్మనీయములో రెండు స్వరపట్టీలు ఇంచుక శ్రుతి తప్పినప్పుడు నాదము ఉబ్బుచు తగ్గుచు వినబడును. అలలును అట్లే. 12 సెకనుల అలలును, పన్నెండున్నర సెకనుల అలలును కలిసి వచ్చినచో, వాని శిఖరములు ఒకదానిపై నొకటి పడుట అయిదు నిమిషముల కొకసారి సంభవించును. నడుమ సముద్రము శాంతించినట్లు తోచును. కడలిలో రెండే కాక పెక్కు వ్యవధుల అలలు కలియుటచే ఈ యెడము ఇంకను పెరుగవచ్చును. రెండు నిమిషములు చూచి దిగువాడు చిన్న అలలను మాత్రమే చూచినవాడు. కాబట్టి అరగంటయైనను ఎత్తైన చోట కూర్చుండి సముద్రమును చూచిన తరువాతనే దిగవలెనని అనుభవజ్ఞుల మాట. ఎత్తు రెండింతలైన అలకు శక్తి నాలుగింతలని మరువరాదు. ఒక ఘనమీటరు ఉప్పునీరు వేయి కిలోలకు మించి తూగును. శిలయు సాక్ష్యమిచ్చును: పచ్చని పాచియు నత్తలును ఉన్నంతవరకు సముద్రము తరచుగా వచ్చుచున్నదని యర్థము.

ఈ మరణములను చూచి, న్యూ సౌత్ వేల్సు శాసనసభ 2016లో ఒక చట్టము చేసెను. దాని క్రింద ప్రకటింపబడిన ప్రదేశములందు లైఫ్ జాకెట్టు తొడుగక శిలలపై వేటాడుట నేరము. సిడ్నీలోని రాండ్విక్ ప్రాంతము మొదట దీనికి లోబడినది. అపాయకరమైన శిలలయొద్ద స్తంభములకు తేలెడు వలయములను తగిలించుటయు కలదు. చేపకును చట్టము కలదు: 65 సెంటీమీటర్లకు తక్కువైన కింగ్‌ఫిష్‌ను మరల నీట విడువవలెను. వలబుట్టలతో విచ్చలవిడిగా పట్టుటచే ఈ జాతి క్షీణింపగా, 1996లో ఆ బుట్టలను నిషేధించిరి. చిన్నచేపను బ్రదికించుటకు చూపిన శ్రద్ధ తమ ప్రాణములయెడ చూపని వేటగాండ్రు నేటికిని ఉన్నారనుట విచారకరము. మునిగినవారిలో పరదేశములనుండి వచ్చి స్థిరపడినవారు పెక్కురు. ఆ కడలి స్వభావము వారికి తెలియదు. నేడు సిడ్నీయందు మన తెలుగు కుటుంబములును వేలకొలది కలవు. అచ్చట పిల్లలున్న తలిదండ్రులు ఉత్తరమున ఈ మాట యొకటి వ్రాయుట మంచిది.

నీట పడినవాడు రాతిని పట్టుకొని యెక్కజూచుట సహజము. అదే వానికి ముప్పు, ఏలయన తరువాతి అల వానిని ఆ రాతికే కొట్టును. శిలకు దూరముగా ఈది, లైఫ్ జాకెట్టుపై తేలుచు, సహాయమునకై వేచియుండవలెను. ఒడ్డున నున్న తోడివాడు దుముకరాదు. ఇద్దరు పోయిన కథలు అట్లు పుట్టినవే. వలయమునో, ఖాళీ డబ్బానో, తేలెడు మరి దేనినైనను విసరి, పడినవానినుండి చూపు మరల్చక, సహాయమును పిలువవలెను. ఆస్ట్రేలియాలో అందులకు సంఖ్య 000. మన దేశమున 112.