జర్మన్ భావవాదం: ‘స్వరూప వస్తువు’ సమస్య – కాంట్ నుండి హెగెల్ వరకు

ఉపోద్ఘాతం

తెలుగులో ‘భావవాదం’ అనే పదం ప్రధానంగా మార్క్సిస్టు చర్చలలో, భౌతికవాదానికి ప్రతిపదంగా ప్రచారం పొందింది. అందువల్ల దానిని బాహ్య జగత్తును నిరాకరించే సిద్ధాంతంగానో, మాయావాదానికి పాశ్చాత్య రూపంగానో భావించే అవకాశం ఉన్నది. అయితే కాంట్, ఫిక్టే, షెల్లింగ్, హెగెల్‌లలో ఎవరూ జగత్తు లేదని చెప్పలేదు. జ్ఞానానికి హద్దు ఉన్నదా? ప్రకృతి నియమాల నడుమ మానవ స్వేచ్ఛకు చోటెక్కడ? ఇవే వారి మౌలిక ప్రశ్నలు. ఈ ప్రశ్నలు ఒకరి నుండి మరొకరికి సంక్రమించిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాంట్: జ్ఞానానికి హద్దు

‘శుద్ధ హేతు విమర్శ’ (1781)లో కాంట్ జ్ఞానాన్ని ఇంద్రియానుభవం, బుద్ధి అనే రెండింటి కలయికగా నిరూపించాడు. దేశకాలాలు మన ఇంద్రియానుభవ రూపాలు. కార్యకారణత్వం మొదలైన పన్నెండు పదార్థాలు బుద్ధికి చెందినవి. కాబట్టి మనకు తెలిసేది మనకు గోచరించే జగత్తే. స్వరూప వస్తువు తెలియదు. ఈ హద్దు వల్లనే స్వేచ్ఛకు చోటు దొరికింది. గోచర జగత్తులో కార్యకారణ నియమానికి లోబడిన మనిషి, నైతిక కర్తగా స్వతంత్రుడు కాగలడు.

1787లో యాకోబి ఒక బలమైన ఆక్షేపణ లేవనెత్తాడు. కార్యకారణత్వం గోచర జగత్తుకే వర్తించేటట్లయితే, స్వరూప వస్తువు మన ఇంద్రియాలపై ప్రభావం చూపుతుందని ఎట్లా చెప్పగలం? తరువాతి భావవాద చింతనకు ఈ ఆక్షేపణ ఒక ముఖ్య ప్రేరకమైంది.

ఫిక్టే, షెల్లింగ్

ఫిక్టే 1794లో స్వరూప వస్తువు భావననే విడిచిపెట్టాడు. ‘నేను’ అనేది ఒక వస్తువు కాదు, క్రియ. అది తనను తాను ప్రతిష్ఠించుకుంటూ, ‘నేను కానిది’ అనే ప్రతిరోధాన్ని ఎదుర్కొంటూ నైతిక సాధనగా సాగుతుంది. 1799లో నాస్తికత్వ వివాదం కారణంగా అతడు యేనా విశ్వవిద్యాలయాన్ని వీడవలసి వచ్చింది. అదే సంవత్సరం కాంట్ అతని సిద్ధాంతంతో తనకు సంబంధం లేదని బహిరంగంగా ప్రకటించాడు.

ప్రకృతిని కేవలం ప్రతిరోధంగా చూడడం షెల్లింగ్‌కు సమ్మతం కాలేదు. అతని దృష్టిలో ప్రకృతి సృజనశీలమైనది, చైతన్యానికి పూర్వరూపం. 1800లో వెలువడిన గ్రంథంలో అతడు, చేతన అచేతన సృజనల ఐక్యం కళలో వ్యక్తమవుతుందని ప్రతిపాదించాడు.

హెగెల్: హద్దును దాటడం

హెగెల్ ‘చైతన్య రూప మీమాంస’ (1807)లో, భేదాలన్నీ లయించిపోయే పరమసత్తను తిరస్కరించాడు. హద్దును హద్దుగా గుర్తించిన ఆలోచన అప్పటికే దానిని దాటిందన్నది అతని వాదం. సత్యం సిద్ధవస్తువు కాదు. తన వైరుధ్యాల గుండా వికసించే సమగ్రత. స్వీయచైతన్యానికి కూడా మరొక చైతన్యం నుండి గుర్తింపు అవసరం. కాబట్టి స్వేచ్ఛ ఏకాంత సాధన కాక, సామాజిక సంబంధాలలో సాకారమవుతుంది.

హెగెల్ పద్ధతిని ‘వాదం–ప్రతివాదం–సంవాదం’ అనే సూత్రంగా బోధించడం పరిపాటి. ఆ త్రయం ఫిక్టే పరిభాషకు దగ్గరిది. హెగెల్ తన పద్ధతిని ఆ పేర్లతో నిర్వచించలేదు. పైగా త్రయాన్ని యాంత్రికంగా వర్తింపజేయడాన్ని విమర్శించాడు.

ముగింపు

స్వరూప వస్తువు సమస్యను అనుసరించి చదివినప్పుడు ఈ నలుగురి ఆలోచనలు ఒకే సంభాషణలోని దశలుగా కనిపిస్తాయి. మానవ క్రియాశీలతను అభివృద్ధి చేసినది భావవాదమేనని మార్క్స్ స్వయంగా 1845 నాటి ఫోయర్‌బాఖ్ టిప్పణులలో అంగీకరించాడు. అయితే అది అమూర్తంగా మిగిలిందన్నది అతని విమర్శ. కనుక భావవాదాన్ని భౌతికవాదానికి కేవల ప్రతిపదంగా బోధిస్తే, భౌతికవాదం దాని నుండి స్వీకరించిన వారసత్వం కూడా విద్యార్థికి అందకుండా పోతుంది.