ఆ ఆట పేరేంటి చెప్మా?

నల్లటి ఆకాశం... పైన బారులు తీరిన శత్రువులు... కింద మన బుల్లి ఓడ! రూపాయి బిళ్ళ వేసి ఆడిన ఆ ఆట చాలామందికి గుర్తే. పేరడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. అసలు ఆ వయసులో పేరు చదివిందెవరు?

కోనసీమలోని మా ఊరు పేరుకే నగరం. చిన్నప్పుడు వీడియో గేమ్ ఆడాలంటే అమలాపురం బస్సెక్కాల్సిందే! మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఆ కబుర్లే వచ్చాయి. ‘మన ఓడని పైనున్నవాడు ఎత్తుకుపోయేవాడురా’ అన్నాడు అన్నయ్య. ‘కాదు, వాళ్లు మీదికి దూకేవాళ్లంతే’ అన్నాన్నేను. తేల్చుకుందామంటే ఆ షాపు ఎప్పుడో మూతపడింది. ఇక మిగిలింది ఆనవాళ్లే. మీరూ సరిచూసుకోండి మరి!

శత్రువులు వరుసగా అడ్డంగా కవాతు చేస్తూ ఒక్కో మెట్టూ దిగితే అది ‘స్పేస్ ఇన్వేడర్స్’. 1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాడో తయారుచేశాడు. మొత్తం 55 మంది. వాళ్లు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. కారణం భలే తమాషా... బొమ్మలు తగ్గితే యంత్రానికి పని తగ్గి, మిగిలినవాటిని త్వరత్వరగా కదిలించేది! మొదట్లో దాని తెర నలుపు తెలుపే. రంగు కాగితాలు అడ్డంపెట్టి రంగులు తెప్పించారు.

బండరాళ్లను పేలిస్తే ముక్కలై మీదికొచ్చాయా? బొమ్మలన్నీ గీతలేనా? అయితే అది 1979 నాటి అటారీ ‘ఆస్టరాయిడ్స్’. చంద్రుడి మీద బండి నడుపుతూ గోతులు దాటించారా? 1982లో వచ్చిన ‘మూన్ పెట్రోల్’. పైన చిన్న రాడార్ చూసుకుంటూ, మనుషుల్ని ఎత్తుకుపోకుండా కాపాడారా? అది 1981 నాటి ‘డిఫెండర్’.

మరి మా తగవో? శత్రువులు వరుస తప్పి మీదికి దూకడం 1979లో నామ్‌కో తెచ్చిన ‘గెలాక్సియన్’లో మొదలైంది. అందులో ఒక గుండు తగిలేదాకానో, తెర దాటేదాకానో రెండోది పేలదు. ఓడను ఎత్తుకుపోయేది దాని తర్వాత 1981లో వచ్చిన ‘గెలాగా’. ఎత్తుకుపోయినవాణ్ని కొడితే మన ఓడ తిరిగొచ్చి పక్కన చేరుతుంది. ఆపైన రెండూ కలిసి కాలుస్తాయి. కానీ ఉన్నది ఒక్క ఓడే అయితే ఆట అక్కడితో సరి!

అంటే ఇద్దరం చెప్పిందీ నిజమే. నేను చెబుతున్నది తర్వాతెప్పుడో అత్తయ్యగారింట్లో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్‌లోది. మరి అమలాపురం ఆట నాకెందుకు గుర్తులేదు? అప్పుడు తెలిసొచ్చింది. మా దగ్గరున్నది ఒక్క రూపాయే. ఆడింది అన్నయ్య. వెనకాల మునివేళ్ల మీద నిలబడి చూసింది నేను! కళ్లు మరిచిపోయినా, ఆడిన చేతులు మరిచిపోవు కదా.

అందుకే పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి. ఓడ పక్కలకే కదిలిందా, గుండ్రంగా తిరిగిందా? గుండ్లు ఒకటా, రెండా? వేళ్లనే అడగండి. తోడు ఆడినవాళ్లకు ఫోన్ చేసి వాళ్లనీ అడగండి. చాలా యంత్రాలు పాత ఇనుముకి పోయాయి, సాక్షులు మీరే!

‘గెలాగా’ ఇప్పుడు కంప్యూటర్‌లోనూ దొరుకుతోంది. అన్నయ్యే తెచ్చాడు. కుర్చీ నావైపు జరిపి అన్నాడు... ‘ఈసారి ముందు నువ్వాడరా!’